చక్రం ఊగుతోందన్నావు, ఏ చక్రం?

తమ్ముడూ,

రిమోట్ కారు చక్రాల రిపేరు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ చదువుతున్నంతసేపూ నాకు కారు కనిపించలేదు. పదకొండు కారణాలు వరసగా పేర్చావు. చదివేవాడి ముందున్నది ఒక్క కారు, అందులో పాడైంది ఒక్కటే. అదేదో తేల్చుకునే దారి వాడికి కావాలి.

"చక్రం తిరగకపోతే మోటారు మార్చి చూడండి" అన్న వాక్యం దగ్గర నాకు బాధేసింది. అది నమ్మి ఎవరో పిల్లాడు దాచుకున్న డబ్బుతో కొత్త మోటారు తెప్పించుకుంటాడు. ముందు చెవి పెట్టి వినమను. మోటారు గుయ్యిమని తిరుగుతూ కారు కదలకపోతే, మోటారు బాగానే ఉన్నట్టు. దానికీ చక్రానికీ మధ్య ఎక్కడో లింకు తెగింది. మోటారు షాఫ్ట్ మీది పినియన్‌ను, అంటే చిన్న పళ్ల చక్రాన్ని, పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) వదులైందా? లేక చక్రం దగ్గర పిన్ను పడిపోయిందా?

ఆ పిన్ను సంగతి నీ వ్యాసంలో ఒక్క మాటే ఉంది. అక్కడే ఆగి రాయాలి. 1/10 సైజు (అసలు కారులో పదో వంతు) కార్లలో ఎక్కువగా 7 మిల్లీమీటర్ల స్పానర్ పట్టే నట్టు ఉంటుంది. అది విప్పి చక్రం లాగితే 12 మిల్లీమీటర్ల హెక్స్, అంటే చక్రం కూర్చునే ఆరు పలకల ముక్క, దాని వెనక ఇరుసుకు అడ్డంగా అగ్గిపుల్ల లావు ఇనప పిన్ను. హెక్స్ లాగగానే అది జారి మంచం కిందకి దొర్లిపోతుంది. కింద పాత తువ్వాలు పరుచుకోమని రాయి. పిన్ను లేకపోతే ఇరుసు తిరుగుతుంది గానీ చక్రం తిరగదు. పైగా డిఫరెన్షియల్ (మోటారు తిప్పుడును రెండు పక్కల చక్రాలకూ పంచే గేర్ల సెట్టు) ఆ ఖాళీగా తిరిగే ఇరుసుకే పని ఇచ్చేస్తుంది కాబట్టి, మోటారు రెండు చక్రాలనే తిప్పే కారులో రెండో పక్క బాగున్న చక్రం కూడా కదలదు. మనవాడేమో మొత్తం గేర్లన్నీ పోయాయని టెన్షన్ పడతాడు.

చక్రం లోపలి ఆరు పలకల గాడి అరిగి గుండ్రమైనా ఇదే తంతు. అప్పుడు గట్టిగా త్రాటిల్ నొక్కితే టకటక చప్పుడొస్తుంది. పట్టుకోవడం తేలిక: ఇరుసు కొన నుంచి నట్టు మీదుగా చక్రం దాకా మార్కర్‌తో ఒక గీత గీసి, కాసేపు నడపాలి. గీత రెండు ముక్కలైతే దొంగ దొరికినట్టే.

ఇక ఊగే చక్రం. "రిమ్, బేరింగ్, ఇరుసు సరిచూడండి" అన్నావు. ఎలా సరిచూడాలి? ముందు కుడి చక్రం ఊగుతుంటే దాన్ని ముందు ఎడమకి మార్చమను. ఊగడం చక్రంతోపాటే వెళ్లిందంటే రిమ్ వంగింది, లేదా టైరు జిగురు ఊడింది. అక్కడే ఉండిపోయిందంటే ఇరుసో బేరింగో. బండి ఆపి చక్రాన్ని వేళ్లతో అటూ ఇటూ ఆడించాలి. లొడలొడలాడితే నట్టు వదులైందేమో చూసి, తర్వాత బేరింగ్ చూడాలి. టామియా కంపెనీ టీటీ-02 కారు లాంటి కిట్లలో బేరింగులకు బదులు బుష్‌లే (గుండ్లు లేని ఉత్త రింగులే) వస్తాయి, దుమ్ములో తిప్పితే అవి త్వరగా అరుగుతాయి. లొడలొడ లేకుండా తిప్పినప్పుడు మాత్రమే ఊగితే ఇరుసు వంగినట్టు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఇంతవరకు తేలిపోతుంది.

చాలా ఏళ్ల కిందట నేను ఒక వ్యాసంలో "స్క్రూలు ఊడకుండా థ్రెడ్‌లాక్ రాయండి" అని, అంటే స్క్రూ మరలకు పూసే జిగురు రాయమని, రాసి వదిలేశాను. ఇనుముకి ఇనుము తగిలేచోటే అని చెప్పలేదు. ఒకాయన ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకి రాశాడు, ప్లాస్టిక్ పగిలింది. ఆయన పంపిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పటినుంచి ఏ సలహా రాసినా అది ఎక్కడ పనికిరాదో పక్కనే రాస్తున్నాను. నువ్వూ రాయి. గేర్లలో వేలు పెట్టేముందు బ్యాటరీ తీసేయమన్న మాట నీ వ్యాసం చివర్లో ఉంది. అది మొదటి పేరాలోకి రావాలి.

నీ కారు వెనక ఇరుసుకి తలవెంట్రుకలు చుట్టుకుని చక్రం బిగుసుకుపోయిందని ఫోన్‌లో చెప్పావు కదా. పట్టుకారుతో ఒక్కో వెంట్రుకా లాగుతూ గంటసేపు కూర్చున్నానన్నావు. అది వ్యాసంలో ఎందుకు లేదు? దానితో మొదలుపెట్టి ఆదివారానికి మళ్లీ పంపు.

మీ అన్న