తిరిగొచ్చే అమ్మాయికి ఇల్లు కొత్తగా అనిపిస్తే?

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి విద్యార్థుల మార్పిడి పథకం కింద జర్మనీలో రెండు సెమిస్టర్లు చదివి ఆగస్టులో తిరిగి వస్తోంది. ఇలాగే వెళ్లొచ్చిన మా బంధువుల అబ్బాయి నెలల తరబడి ఎవరితోనూ కలవలేదు. మేమేం జాగ్రత్త తీసుకోవాలి?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, పరాయి దేశం వెళ్లేటప్పుడు ఇబ్బందులకు అందరూ ముందే సిద్ధపడతారు గానీ, సొంతింటికి రావడం కష్టమవుతుందని ఎవరూ అనుకోరు, అందుకే అది ఎక్కువ బాధిస్తుంది. పరాయి దేశంలో మొదట ఉత్సాహం, తర్వాత దిగులు, ఆపైన కుదురుకోవడం అనే వరుసను, అమెరికాలో ఉండి వచ్చిన నార్వేవారి అనుభవాల ఆధారంగా లీస్‌గార్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1955లో వివరించారు. స్వదేశానికి చేరాక అదే వరుస మళ్లీ నడుస్తుందని పరిశోధకులైన గల్లాహార్న్ దంపతులు 1963లో చెప్పారు. కాబట్టి మీ అమ్మాయి కొన్నాళ్లు ముభావంగా ఉంటే దాన్ని పొగరు అనుకోకండి, బంధువులను అననివ్వకండి.

బయలుదేరే ముందే అక్కడి మార్కుల మెమో ఎప్పుడు, ఎలా అందుతుందో విశ్వవిద్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోమనండి. లేకుంటే ఇక్కడ పరీక్షల విభాగం చుట్టూ తిరగాల్సి వస్తుంది. నగర కార్యాలయంలో నివాస నమోదు రద్దు చేయించుకోవడం, ఆరోగ్య బీమా ముగించడం కూడా మరవకూడదు. స్నేహితులను, గురువులను తీరిగ్గా కలిసి సెలవు తీసుకుని రావడం కాగితాల కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

ఇంటికి వచ్చిన మొదటి వారం చుట్టాలందరినీ పిలిచి విందులు పెట్టకండి. "జర్మనీ ఎట్లుండె?" అని అడిగితే "మంచిగుండె" అని ఊరుకుంటుంది, ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉండే ఆ ఊళ్లో ఏం వండుకునేదో అడగండి, అరగంట చెబుతుంది. "అక్కడ ఇట్ల ఉండది" అన్నప్పుడల్లా "అయితే అక్కడనే ఉండకపోయినవ్" అనే మాట మీ నోట రాకూడదు, ఎందుకంటే ఆమె పోల్చుతున్నది మిమ్మల్ని కాదు, తాను గడిపిన రెండు జీవితాలను. ఏడాదిపాటు తన డబ్బు, తన సమయం తానే చూసుకున్న పిల్లను గడప దాటినప్పుడల్లా ఎక్కడికి, ఎవరితో అని నిలదీస్తే మిగతా అన్నిటికన్నా అదే ఎక్కువ నొప్పిస్తుంది. ఏది చెప్పి వెళ్లాలో, ఏది ఆమె ఇష్టమో మీరు, వాళ్ల నాన్నగారు కూర్చుని ముందే మాట్లాడుకోండి.

వచ్చే ఏడాది వెళ్లబోయే జూనియర్లకు సలహాలిచ్చే పని కాలేజీలో అడిగి తీసుకోమనండి. నేర్చుకున్న జర్మన్ మరిచిపోకుండా హైదరాబాద్‌లోని జర్మన్ భాషా సాంస్కృతిక కేంద్రం గోథే జెంట్రుమ్ తరగతుల గురించి విచారించవచ్చు. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడటానికి తానే వస్తానంటే సంతోషం. ఈసారికి వద్దంటే బలవంతం చేయకండి.

నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతిన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.