ఏ పద్ధతి నీదో తేల్చుకునే ముందు

అమ్మాయికి, బెంగళూరు నుంచి అత్త ఆశీస్సులు.

ఎంఫిల్ అయిపోవస్తోంది, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చేసే ఫ్యామిలీ థెరపీలో ఏ పద్ధతి పట్టుకోమంటావు అని అడిగావు. నువ్వు పంపిన పట్టిక చూశాను. ఎవరు ఏం చెప్పారో చక్కగా రాశావు. దానికి ఇంకో గడి చేర్చు: ఆ థెరపిస్టు కుటుంబం ముందు ఎక్కడ కూర్చుంటాడు? నా దృష్టిలో పద్ధతుల మధ్య అసలు తేడా అదే.

ఒక కుటుంబాన్ని తీసుకుందాం, వివరాలు మార్చి చెబుతున్నాను. మారతహళ్లిలో అపార్ట్‌మెంట్, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్, గుంటూరు నుంచి వచ్చి ఉంటున్న అత్తగారు. తొమ్మిదేళ్ల పిల్లాడికి స్కూలున్న రోజు పొద్దున్నే కడుపునొప్పి. పరీక్షలన్నీ చేసి డాక్టరు ఏమీ లేదన్నారు. "నొప్పి ఎప్పుడొస్తుంది నాన్నా?" అని పిల్లాణ్ణి అడిగితే నానమ్మ జవాబు చెబుతుంది, తల్లి ఆమెను సరిదిద్దుతుంది, తండ్రి ఫోన్ చూసుకుంటాడు.

నీ పట్టికలోని థెరపిస్టులు ఒక్కొక్కరూ ఇక్కడ ఏం చేస్తారో చూడు. బోవెన్ అయితే తొణక్కుండా కాస్త ఎడంగా కూర్చుని, అత్తాకోడళ్ల టెన్షన్ పిల్లాడి మీదికి ఎలా మళ్లుతోందో గమనిస్తాడు. మూడు తరాల జెనోగ్రామ్, అంటే ఎవరికెవరితో ఎలాంటి సంబంధమో చూపే కుటుంబ పటం, గీస్తాడు. మినూచిన్ మధ్యలోకి దిగిపోతాడు. తండ్రిని లేపి భార్య పక్కన కూర్చోబెట్టి, "రేపు స్కూలు సంగతి మీరిద్దరే ఇప్పుడే తేల్చండి" అంటాడు. సటీర్ చూపు ఎవరు నిందిస్తున్నారు, ఎవరు సర్దుకుపోతున్నారు అన్నదాని మీద ఉంటుంది. మైకేల్ వైట్ పిల్లాడి పక్షాన చేరి, "ఈ నొప్పి మాట నువ్వు వినని రోజు ఎప్పుడైనా ఉందా?" అని అడుగుతాడు.

ఇటలీలోని మిలాన్ థెరపిస్టుల బృందం వాళ్లు ఒకరి గురించి ఇంకొకరిని అడిగే ప్రశ్నలు మన తెలుగు ఇళ్లలో పనిచేసినంత బాగా ఇంకేవీ పనిచేయడం నేను చూడలేదు. "నాన్న ఆలస్యంగా వచ్చిన రోజు ఎవరు ఎక్కువ బాధపడతారు, అమ్మా నానమ్మా?" అని పిల్లాణ్ణి అడిగి చూడు. అత్తగారి ఎదుట కోడలు "నాకు బాధగా ఉంది" అని నోరు విప్పదు. కానీ ఒకరి గురించి ఇంకొకరు చెప్పడానికి అందరికీ మాట వస్తుంది. వాళ్లు చెబుతుంటే తండ్రి ఫోన్ పక్కన పెడతాడు.

ఒక జాగ్రత్త. నానమ్మ పిల్లాడి తరఫున మాట్లాడగానే "హద్దులు లేని కుటుంబం" అని కేసు షీటులో రాసేయకు. ఆ పిల్లాడికి ఇన్నాళ్లూ అన్నం తినిపించింది ఆమే. గదిలోకి రాగానే ముందు ఆమెనే పలకరించు. మినూచిన్ చెప్పిన జాయినింగ్, అంటే ముందు కుటుంబంతో కలిసిపోవడం, మనకు అక్కడే మొదలవుతుంది. కుటుంబాన్ని చికిత్సలో కలుపుకోవడం మనం అమెరికా నుంచి తెచ్చుకున్నది కాదు. 1950ల్లోనే డాక్టర్ విద్యాసాగర్ అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను వాళ్లతోనే ఉంచారు.

ఇంకో మాట, ఇందులో రాజీ లేదు. ఇంట్లో కొట్టడం ఉందని అనుమానం వస్తే భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టకు. ఆమెతో విడిగా మాట్లాడు. అలాంటి చోట ఎవరి పక్షమూ వహించనంటే కొట్టేవాడి పక్షాన ఉన్నట్టే. 2005 గృహహింస చట్టం, 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి చెప్పగలిగేలా ఉండు.

ఇక నీ పద్ధతి. అన్నీ కొంచెం కొంచెం కలిపి వాడతాననకు, ఇప్పుడే వద్దు. ఒకదాన్ని పట్టుకుని రెండేళ్లు సూపర్‌విజన్‌లో చెయ్యి. చురుకైనదానివి, నీకు మినూచిన్ నచ్చుతాడని నాకు తెలుసు. కానీ చిన్నప్పటి నుంచి మీ నాన్నకీ అమ్మకీ మధ్య రాయబారివి నువ్వే. భార్యాభర్తలు మౌనంగా ఉండగానే నీ నోరు ఊరుకోదు. ఆ మాట వాళ్ల కోసమా, నీ కంగారు తగ్గడానికా అని ప్రతి సెషన్ తర్వాత రాసుకుని సూపర్‌వైజర్‌కు చూపించు. బోవెన్ 1967లో ఫిలడెల్ఫియా సదస్సులో సాటి నిపుణుల ముందు తన సొంత కుటుంబం గురించే మాట్లాడాడు. ఆ తర్వాత శిక్షణలో ఉన్నవాళ్లను కూడా వాళ్ల కుటుంబాల మీద పని చేయమన్నాడు.

అందుకని ముందు మన ఇంటి జెనోగ్రామ్ గీయి. పొలం గొడవ తర్వాత మీ తాతయ్యకీ చిన్నతాతయ్యకీ మాటల్లేవు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది మీ నాన్నే. ఆ గీత తప్పకుండా ఉండాలి. మిగతావి నన్నడుగు చెబుతాను, ఇది మాత్రం మీ నాన్ననే అడుగు.