ఇరాన్‌లో యూదులు ఇంకా ఉన్నారా? ఉంటే ఎలా బతుకుతున్నారు?

ఉన్నారు. ఇజ్రాయెల్‌ను బద్ధశత్రువుగా చూసే దేశంలో యూదులేమిటని ఆశ్చర్యం కలగొచ్చు గానీ, వాళ్లు అక్కడ స్థిరపడింది ఇస్లాం పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే. 1979 ఇస్లామిక్ విప్లవం నాటికి దాదాపు 80 వేల మంది ఉండేవారు. ఇప్పుడు పదివేలకు అటూ ఇటూ మిగిలారు.

1979 మే నెలలో యూదు సమాజ పెద్ద, పారిశ్రామికవేత్త హబీబ్ ఎల్‌ఘానియన్‌ను ప్రభుత్వం కాల్చి చంపింది. భయపడిన యూదు పెద్దలు కొందరు వెళ్లి విప్లవ నాయకుడు ఖొమేనీని కలిశారు. మన యూదులు వేరు, జియోనిస్టులు (యూదులకు ప్రత్యేక దేశంగా ఇజ్రాయెల్ ఉండాలనేవాళ్లు) వేరు అన్నాడాయన. అక్కడి యూదుల బతుకు నేటికీ ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది.

రాజ్యాంగం వాళ్ల మతాన్ని గుర్తించింది, పార్లమెంటులో ఒక సీటు కేటాయించింది. టెహ్రాన్‌లో సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), కోషర్ మాంసం (యూదు మత నియమాల ప్రకారం కోసిన మాంసం) కొట్లు ఉన్నాయి. యూదుల దాతృత్వంతో నడిచే డాక్టర్ సపీర్ ఆసుపత్రికి వచ్చే రోగుల్లో ఎక్కువమంది ముస్లింలే. మద్య నిషేధమున్నా పూజకు కావలసిన ద్రాక్షసారా తయారు చేసుకోవచ్చు.

అయితే దీన్ని సమానత్వం అనలేం. కుటుంబంలో ఒకరు ఇస్లాంలోకి మారితే వారసత్వపు ఆస్తంతా వాళ్లకే దక్కేలా చట్టం ఉంది. ఇజ్రాయెల్‌లో ఉన్న అన్నదమ్ములను చూడటానికి వెళ్లడం నేరం. గూఢచర్యం ఆరోపణ ఎప్పుడూ నెత్తిమీద వేలాడుతుంటుంది. 2000లో షిరాజ్ నగరంలో 13 మంది యూదులను ఆ ఆరోపణ మీదే విచారించి, పదిమందికి జైలుశిక్ష వేశారు. అంతర్జాతీయ ఒత్తిడి తర్వాత, 2003 నాటికి అందరినీ వదిలిపెట్టారు.