సోఫా పాడైంది, బీమా కంపెనీ కాదంటోంది: నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: ఇళ్లకు వెళ్లి సోఫాలు, కుర్చీలు శుభ్రం చేసే చిన్న వ్యాపారం మాది. ఒక ఇంట్లో నీలం వెల్వెట్ సోఫాను మా పనివాడు మెషీన్‌తో తడిపి కడిగాడు. ఆరాక బట్ట ముడుచుకుపోయింది. కారిన రంగు కింద పరిచిన తివాచీకి పట్టింది. ఆ ఇంటివాళ్లు కొత్త సోఫా, కొత్త తివాచీ కొనిమ్మంటున్నారు. మాకు పబ్లిక్ లయబిలిటీ పాలసీ (మా పని వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) ఉంది. ‘పని చేస్తున్న వస్తువుకు జరిగిన నష్టం పాలసీ కిందికి రాదు’ అని కంపెనీ మొత్తం క్లెయిమ్ తిరస్కరించింది. ‘నష్టం జరిగితే మా బాధ్యత లేదు’ అన్న కాగితం మీద కస్టమర్ సంతకం ముందే తీసుకున్నాం. ఇప్పుడేం చేయాలి?

జవాబు: సోఫా విషయంలో కంపెనీ మాటే నిలబడవచ్చు. తివాచీ విషయంలో మాత్రం వాళ్లు తొందరపడ్డారని నా అభిప్రాయం.

మీ రంగంలో చాలామందిని దెబ్బతీసే సంగతి ఇదే. పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకున్నాం కాబట్టి సోఫా పాడైతే కంపెనీయే చూసుకుంటుందనుకుంటారు. మెషీన్ వైరు తట్టుకుని ఇంటావిడ పడిపోయినా, పైపు తగిలి టీవీ పగిలినా ఆ పాలసీ పనికొస్తుంది. కానీ మీ చేతుల్లో ఉన్న వస్తువును, మీరు పని చేస్తున్న వస్తువును సాధారణంగా మినహాయింపుల్లో పెట్టేస్తారు. పని సరిగా చేయకపోవడం వ్యాపారంలో ఉండే రిస్కు, దాన్ని మేమెందుకు మోయాలన్నది వాళ్ల వాదన. ఆ రిస్కుకు కూడా కవర్ దొరుకుతుంది, కాకపోతే అదనపు ప్రీమియం కట్టి విడిగా చేర్పించుకోవాలి.

ఇప్పుడు మీ పాలసీ తీసి ఆ మినహాయింపు వాక్యాన్ని ఒక్కో మాటా చదవండి. ‘పాలసీదారు అధీనంలో ఉన్న ఆస్తి’ అని మాత్రమే ఉంటే మీకు వాదించే చోటుంది. సోఫా ఉన్నది కస్టమర్ హాల్లో, కస్టమర్ కళ్ల ముందు. రెండు గంటలు మీరు దాని పక్కన నిలబడినంత మాత్రాన అది మీ అధీనంలోకి వచ్చిందా? మాటకు రెండర్థాలు వచ్చే చోట, ఆ మాట రాసినవారికి వ్యతిరేకంగా ఉండే అర్థాన్నే తీసుకోవాలన్నది ఒప్పందాల చట్టంలో పాత సూత్రం. పాలసీ రాసింది కంపెనీయే కదా. అదే ‘పని జరుగుతున్న ఆస్తి’ అని కూడా ఉంటే సోఫా మీద ఆశ వదులుకోవడమే మంచిది.

తివాచీ మీద మీరు పని చేయలేదు, దాన్ని శుభ్రం చేయమని మీకెవరూ చెప్పలేదు. ‘పని జరుగుతున్న’ అన్న మాట దానికి అతకదు. అది మీరూ కంపెనీ కాని మూడో వ్యక్తి, అంటే కస్టమర్ ఆస్తి, ఈ పాలసీ ఉన్నదే అలాంటి నష్టానికి. రెండు నష్టాలనూ విడగొట్టి, తివాచీ క్లెయిమ్ ఏ క్లాజు కింద తిరస్కరించారో చెప్పమని రాతపూర్వకంగా అడగండి. లోపభూయిష్టమైన పని వల్ల కలిగే ఏ నష్టమూ ఇవ్వమనే వేరే క్లాజు ఏదైనా ఉందేమో ముందు మీరే చూసుకోండి.

కంపెనీ ఇంకో దారిలో కూడా రావచ్చు. ప్రపోజల్ ఫారంలో (పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తులో) మీ వ్యాపారాన్ని ‘హౌస్ కీపింగ్’ అని రాశారా, సోఫా క్లీనింగ్ అని రాశారా? ఏజెంట్ నింపేస్తే మీరు సంతకం పెట్టేసి ఉండొచ్చు, చాలామంది చేసేది అదే. బీమాలో ముఖ్యమైన సంగతులు దాచకూడదు. అయితే ఈ సూత్రానికి మూలంగా చెప్పుకునే 1766 నాటి ఇంగ్లండ్ కేసు కార్టర్ వర్సెస్ బోమ్‌లో గెలిచింది బీమా చేయించుకున్నవాడే. బీమా ఇచ్చినవాడికి తెలిసిన, తెలిసి ఉండాల్సిన సంగతిని చెప్పలేదని తర్వాత ఎత్తిచూపడం కుదరదన్నారు ఆ కేసు జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్. మీరేం చేస్తారో ఏజెంట్‌తో మెయిల్‌లోనో మెసేజ్‌లోనో చెప్పి ఉంటే అవి జాగ్రత్త చేయండి.

ఇక కస్టమర్ సంగతి. ఆ సంతకం కాగితాన్ని మరీ నమ్ముకోకండి. అజాగ్రత్తగా పని చేసి, ముందే రాయించుకున్నాం కదా అంటే కోర్టులు అంత తేలిగ్గా ఒప్పుకోవు. అసలు ప్రశ్న మీ పనివాడు జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నది. చాలా సోఫాలకు కుషన్ కిందో అడుగునో ఒక లేబుల్ ఉంటుంది. ‘డబ్ల్యూ’ అంటే నీళ్లతో చేసే క్లీనర్ వాడవచ్చు, ‘ఎస్’ అంటే సాల్వెంట్ (నీళ్లు కాని రసాయన ద్రవం) మాత్రమే, ‘డబ్ల్యూఎస్’ అంటే రెండూ, ‘ఎక్స్’ అంటే వ్యాక్యూమ్ తప్ప ఏదీ వద్దు. విస్కోస్ వెల్వెట్ తడిస్తే బలహీనపడుతుంది, ముడుచుకుంటుంది. లేబుల్ మీద ‘ఎస్’ ఉండగా నీళ్లు కొట్టి ఉంటే మీ కేసు బలహీనమే. లేబుల్ లేకపోయినా, కనపడని చోట కాస్త తడిపి రంగు పోతుందేమో చూశారా అని అడుగుతారు. కొన్ని పాలసీల్లో ఈ పరీక్ష చేయడం ఒక షరతు కూడా.

తప్పు మీదే అని తేలినా కొత్త సోఫా ధర మొత్తం కట్టాలని కాదు. నష్టం జరగక ముందు ఆ సోఫా ఎంత విలువ చేసేదో అదే లెక్క. ఎన్నేళ్ల పాతది, ఎలా ఉంది అన్నవి చూసి తరుగుదల తీసేస్తారు. కొత్త బట్ట వేయిస్తే సరిపోయేదైతే ఆ ఖర్చు వరకే అడగవచ్చు. పనికి ముందు తీసిన ఫోటోలుంటే మీకు చాలా ఉపయోగం. తివాచీకి అంటిన రంగును వేరే నిపుణుడితో తీయించే ప్రయత్నం చేయండి, కానీ కంపెనీకి రాసి చెప్పకుండా, నష్టం లెక్కగట్టే వాళ్ల సర్వేయర్ చూడకుండా ముట్టుకోవద్దు.

టెన్షన్‌లో కస్టమర్‌కు ‘తప్పు మాదే, కట్టేస్తాం’ అని మెసేజ్ మాత్రం పెట్టకండి. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదన్న షరతు దాదాపు ప్రతి లయబిలిటీ పాలసీలోనూ ఉంటుంది. ఇప్పటికే పెట్టి ఉంటే డిలీట్ చేయకుండా నాకో, మీ లాయర్‌కో చూపించండి. ‘విషయం పరిశీలిస్తున్నాం, మా బీమా కంపెనీకి తెలియజేశాం’ అని ఇప్పటికి జవాబిస్తే చాలు.

రెన్యూవల్‌లో ‘పని చేస్తున్న వస్తువుకు కవర్’ చేర్చమని మెయిల్ పెట్టండి. కుషన్లు మీ షాపుకు తెచ్చి ఉతికే పద్ధతి ఉంటే అది మళ్లీ వేరే లెక్క. అప్పుడు ఆ వస్తువులు నిజంగానే మీ అధీనంలో ఉంటాయి. దొంగతనం, మంటలు, దారిలో వ్యాన్ ప్రమాదం, వీటన్నిటికీ కస్టమర్ వస్తువులను చేర్చిన కవర్ ఉండాలి. పనివాళ్లకు దెబ్బ తగిలితే ఈ పాలసీ ఏదీ ఆదుకోదు, వాళ్ల కోసం వేరే పాలసీ తీసుకోవాలి.