అధికారం మారుతుందా, అప్పగిస్తారా?

సందేహం: గురువుగారికి నమస్కారం. నేను దేవరకొండ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. రాజ్యాంగ దినోత్సవానికి పిల్లలతో ఉపన్యాసాలు చెప్పిస్తున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి 1996లో లోక్‌సభలో వాజ్‌పేయి చేసిన ప్రసంగాన్ని ఎంచుకుంది. అందులో అందరికీ గుర్తున్న మాటను హిందీ నుంచి తనే ఇలా తెలుగు చేసుకుంది: “సర్కార్లు వస్తయి, పోతయి. పార్టీలు కూడుతయి, వీడుతయి. కానీ ఈ దేశం నిలవాలె, ఈ దేశంల ప్రజాస్వామ్యం ఎప్పటికీ నిలవాలె.” చివర్లో “ఏ లొల్లీ లేకుండ కుర్చీ దిగిపోయిండు” అని రాసింది. మా తోటి ఉపాధ్యాయులొకరు మొదటి వాక్యాన్ని “ప్రభుత్వాలు వచ్చిపోతుంటాయి” అనీ, చివరిదాన్ని “శాంతియుత అధికార మార్పిడికి సహకరించారు” అనీ దిద్దారు. ఏది సరి? పత్రికల్లో అధికార మార్పిడి, అధికార బదిలీ, అధికార హస్తాంతరం అని తలా ఒక తీరుగా రాస్తున్నారు. నేను ‘అధికార అప్పగింత’ అంటే, పెళ్లి అప్పగింతల్లాగా ఉందన్నారు. “ప్రమాణ స్వీకారం చేశారు” అనేది కూడా తప్పేనంటున్నారు. దయచేసి వివరించండి.

సమాధానం: అమ్మా, ముందుగా ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. తొమ్మిదో తరగతిలో ఆ ప్రసంగాన్ని ఎంచుకోవడమే గొప్ప. ‘కూడుతయి, వీడుతయి’ అన్న జంట చూసి నాకు చాలా సంతోషమైంది. హిందీలో ‘బనేంగీ, బిగడేంగీ’ అని ఉన్నచోట ‘ఏర్పడతాయి, చెడిపోతాయి’ అని రాస్తే అర్థమే పక్కకు పోతుంది. పార్టీ చెడిపోయిందంటే మనం నీతి తప్పిందనుకుంటాం. ముడి వీడినట్టు పార్టీ వీడిపోవడం వేరు సంగతి. పైగా హిందీ వాక్యంలో ఉన్న ప్రాస కూడా దక్కింది. ఆ రెండు మాటల జోలికి ఎవరూ పోవద్దు.

ఇక దిద్దుబాట్ల సంగతి. ‘వస్తయి, పోతయి’ అనే రెండు క్రియలను ‘వచ్చిపోతుంటాయి’ అని ఒకటిగా కలిపితే ఏమవుతుందో చూడండి. ‘వచ్చి’ క్త్వార్థకం, అసమాపక క్రియ. వాక్యం బరువంతా తర్వాతి క్రియ మీదే పడుతుంది. చుట్టాలు వచ్చిపోతుంటారు, పండుగకు పిల్లలు వచ్చిపోతుంటారు అంటాం. వచ్చినవాళ్లు పోయేవాళ్లే, పట్టించుకోవలసిన పని లేదన్న ధ్వని అందులో ఉంది. ‘వస్తయి, పోతయి’లో రెండూ సమాపక క్రియలే. రావడానికి ఎంత విలువో పోవడానికీ అంతే విలువ. ఆ రోజు సభలో నిలబడి ఆ మాట అన్న మనిషి పోబోతున్నవాడు. కాబట్టి ఆ సమానత్వం వాక్యానికి ప్రాణం. ఇంకొకటి గమనించండి. హిందీలో ‘ఆయేంగీ, జాయేంగీ’ అన్నది భవిష్యత్తు. మన ‘వస్తాయి’కి భవిష్యదర్థమూ ఉంది, వ్యాకర్తలు తద్ధర్మార్థం అన్న స్వభావార్థమూ ఉంది. రేపు వస్తాయి, ఎప్పుడూ వస్తూనే ఉంటాయి అనే రెండర్థాలను ఒకే రూపం మోస్తుంది. ఈ చోట తెలుగు వాక్యం మూలం కంటే నిండుగా ఉందని నా అభిప్రాయం.

సందర్భం కూడా పిల్లలకు చెప్పండి, అది తెలియకుండా మాటల తూకం తేలదు. 1996 మే 16న వాజ్‌పేయి ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆయనది సభలో అన్నిటికంటే పెద్ద పార్టీయే, కానీ మెజారిటీ లేదు. విశ్వాస తీర్మానంపై చర్చను దూరదర్శన్‌లో దేశమంతా చూసింది. మే 28న, ఓటింగు దాకా పోనివ్వకుండా, నా రాజీనామా రాష్ట్రపతికి ఇవ్వడానికి వెళ్తున్నానని స్పీకరుకు చెప్పి సభ నుంచి వెళ్లారు. జూన్ 1న దేవెగౌడ ప్రమాణం చేశారు. అంటే మే నెల మధ్య నుంచి జూన్ మొదటి తేదీ లోపల పీవీ, వాజ్‌పేయి, దేవెగౌడ ముగ్గురూ ఆ కుర్చీలో కూర్చున్నారు. సైన్యం కదలలేదు, కర్ఫ్యూ పెట్టలేదు. ఒకరు దిగారు, ఇంకొకరు ఎక్కారు.

ఇప్పుడు అసలు మాట. ‘మార్పిడి’ మనకు బాగా అలవాటైన పదం. పత్తి వేసిన చెలకలో మరుసటేడు కంది వేస్తే పంట మార్పిడి. కిడ్నీ మార్పిడి, నోట్ల మార్పిడి, కుండ మార్పిడి పెళ్లిళ్లు అన్నీ ఉన్నాయి. వీటన్నిటిలో ఒకదాని స్థానంలో ఇంకొకటి రావడం లేదా ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. ఎవరు చేశారన్నది పదంలో ఉండదు. అందుకే ‘అధికార మార్పిడి’ తప్పు కాకపోయినా చప్పగా ఉంటుంది. ఎన్నికలతో వచ్చినా, కుట్రతో వచ్చినా అధికార మార్పిడే. ముందు ‘శాంతియుత’ అని తగిలిస్తే గానీ తేడా తెలియదు. దానికి ‘సహకరించారు’ అన్న క్రియ తోడైతే వాక్యం మరింత పక్కకు జరిగింది. సహకరించడమంటే వేరొకరు చేసే పనికి చేయి అందించడం. ఇక్కడ పని చేసినవాడే ఆయన. కుర్చీ ఆయనది, రాజీనామా ఆయనది, నిర్ణయం ఆయనది. కర్తను తెచ్చి సహాయకుడి పక్కన నిలబెట్టారు.

‘బదిలీ’ ఉర్దూ మీదుగా మనకొచ్చి బాగా స్థిరపడిన మాట. టీచర్ల బదిలీలు మీకు తెలియనివా? పైనుంచి ఉత్తర్వు వస్తుంది, మనిషి కదులుతాడు. అధికార బదిలీ అన్న మాటను నేను 1947కు ఉంచుతాను. ఆ ఏడు జూలైలో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది, దాని ప్రకారం ఆగస్టులో అధికారం కదిలింది. ఉత్తర్వు పై నుంచి వచ్చింది కాబట్టి మాట అతికింది. మన ప్రాంతానికి ఆ బదిలీ కూడా అందలేదు, 1948 సెప్టెంబరు 17 దాకా నిజాం రాజ్యమే. ‘హస్తాంతరం’ హిందీ పత్రికల వాడుక. దాన్ని తెలుగు చేసి ‘అధికారం చేతులు మారింది’ అంటే, డబ్బు చేతులు మారిందనే వాసన వెంటనే తగులుతుంది. ఆ మాటను లంచాల వార్తలకే వదిలేద్దాం.

మీరు ఎంచుకున్న ‘అప్పగింత’ వైపే నా ఓటు. నిఘంటువుల్లో దీనికి ‘ఒప్పగించు’ అనే రూపం ఉంది. పాఠం ఒప్పజెప్పమన్నా, అప్పజెప్పమన్నా ఒకటే కదా. ఒప్పు అంటే సమ్మతి. ఇచ్చేవాడు ఒప్పుకొని ఇవ్వడం ఆ క్రియలోనే ఉంది. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు అని ఇద్దరినీ అది అడుగుతుంది కూడా. మార్పిడికి ఆ బాధ లేదు.

పెళ్లి అప్పగింతల్లా ఉందన్న అభ్యంతరానికి జవాబు మీ బడిలోనే దొరుకుతుంది. ప్రధానోపాధ్యాయులు పదవీ విరమణ చేసే రోజు ఏం జరుగుతుంది? బీరువా తాళాలు, హాజరు పట్టీలు, స్టాకు రిజిస్టరు, క్యాష్‌బుక్కు, చెక్కుబుక్కు బల్ల మీద పెడతారు. ఒక్కొక్కటి చూసుకుని, నిల్వ ఎంతో రాసుకుని, కింద ఇద్దరూ సంతకం చేస్తారు. దాన్ని మనం ఛార్జి అప్పగించడం అంటాం, బాధ్యతల అప్పగింత అంటాం. అక్కడ ఎవరికీ పెళ్లి గుర్తుకు రాదు. పెళ్లిలోది ఎప్పుడూ బహువచనం, అప్పగింతలు. ఆఫీసులోది ఏకవచనం. ఊరి సర్పంచి కొత్త సర్పంచికి రికార్డులు ఇచ్చినా అదే మాట. దిల్లీలో జరిగిందీ అదే పని, పెద్ద ఎత్తున. 1952 మార్చి 6న కేంద్రం నియమించిన ముఖ్యమంత్రి వెల్లోడి స్థానంలో, ప్రజలెన్నుకున్న బూర్గుల రామకృష్ణారావు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. మహబూబ్‌నగర్ జిల్లా మనిషి ఆయన. “వెల్లోడి బూర్గులకు అధికారం అప్పగించారు” అని రాసి చూడండి. దాని పక్కనే “వెల్లోడి, బూర్గుల మధ్య అధికార మార్పిడి జరిగింది” అని రాయండి. ఏది తెలుగు వాక్యమో పిల్లలే చెబుతారు.

ఒక్క మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. ఎన్నికల్లో గెలిచినవాళ్లు అధికారాన్ని ‘చేజిక్కించుకున్నారు’, ‘కైవసం చేసుకున్నారు’, ‘హస్తగతం చేసుకున్నారు’ అని రోజూ చదువుతున్నాం. ఇవి కోటలు పట్టుకున్ననాటి మాటలు. ఓటరు ఇస్తే వచ్చినదాన్ని లాక్కున్నట్టు రాస్తే, ఇచ్చిన ఓటరు వాక్యంలో నుంచి మాయమైపోతాడు. ‘ప్రజలు పట్టం కట్టారు’ కూడా రాజుల కాలం నాటిదే, అయినా అందులో కర్త ప్రజలు గనుక నాకు పేచీ లేదు.

మీ జిల్లాలో ఆ ఓటరును మరిచిపోవడం అసలే కుదరదు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951లో విరమించారు. మరుసటేడు మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. ఈ వాజ్‌పేయి ప్రసంగం జరిగిన 1996 ఎన్నికల్లోనే, ఫ్లోరైడు నీళ్ల గోస దేశానికి వినిపించాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. ఎముకలు వంగిపోతున్న ఊళ్లు కూడా తమ కోపాన్ని నామినేషను కాగితం మీదే రాశాయి. మీ అమ్మాయి ఉపన్యాసంలో ఈ సంగతి ఒక్కటి చేర్చమనండి. అదే ఏడాది, అదే ఎన్నిక. దిల్లీ ప్రసంగం దేవరకొండ పిల్లలకు సొంతమవుతుంది.

ఇక ‘కుర్చీ దిగిపోయిండు’. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. తెలుగులో దిగు, దించు అని రెండున్నాయి. ఎవరంతట వాళ్లు చేస్తే దిగు, ఇంకొకరు చేయిస్తే దించు. దిగిపోయాడంటే తనంతట తానే దిగాడని ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు, దించేశారంటే బలవంతమని వేరే చెప్పనక్కర లేదు. ఇంగ్లీషులో ఒక విశేషణం పెట్టి చెప్పేదాన్ని మనం క్రియతోనే చెప్పేస్తాం. అయితే ‘దిగివచ్చాడు’తో కలిపేయవద్దు, అది బేరంలో మెత్తబడటం. ‘దిగజారాడు’ మరీ వేరు.

‘ఇండు’ అగౌరవం అనుకునేవాళ్లు ఈ ప్రాంతపు మాట విననివాళ్లు. ‘మా సారు చెప్పిండు’ అనే పిల్లవాడికి ఆ సారు మీద భక్తే ఉంటుంది. అయినా వేదిక మీద దేశ ప్రధాని గురించి చెప్పేటప్పుడు ‘దిగిపోయిన్రు’ అంటే మన గౌరవ బహువచనమూ ఉంటుంది, మన యాసా ఉంటుంది. ఆ ఒక్క మార్పు చేయించండి. ‘నిలవాలె’, ‘దేశంల’, ‘లొల్లి’ అలాగే ఉండనివ్వండి. ఉపన్యాసం చెవికి పుట్టింది. నల్లగొండ పిల్ల నల్లగొండ నోటితో చెబితేనే వినేవాళ్లకు తగులుతుంది. అచ్చువేసే సంచికకు పంపేటప్పుడు మాత్రం “ఎలాంటి గొడవా లేకుండా పదవి నుంచి దిగి, అధికారం అప్పగించారు” అని రాయవచ్చు. అక్కడ ‘శాంతియుతంగా’ అన్నా బాగుంటుంది. ‘ప్రశాంతంగా’ వద్దు. పోలింగు ప్రశాంతంగా జరుగుతుంది, ఊరు ప్రశాంతంగా ఉంటుంది. మనుషులు పూనుకుని చేసే పనికి శాంతియుతం సరిపోతుంది.

‘ప్రమాణ స్వీకారం చేశారు’ తప్పేమీ కాదు. అదీ నిలబడిన వాడుకే. కాకపోతే పొడుగు. ప్రమాణపత్రం చదివేవాళ్లు కూడా “దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను” అనే అంటారు, స్వీకారం మాట ఎత్తరు. ‘ప్రమాణం చేశారు’ చాలు. ‘ప్రమాణ స్వీకార కార్యక్రమం’ అని ఆహ్వానపత్రంలో వేసినా ఎర్రసిరా అవసరం లేదు. ‘ప్రమాణ స్వీకారోత్సవం’ అంటే మాత్రం అది పండుగ ఎందుకైందని అడగండి.