రాణి తల వెనుక గులాబీ

ప్రశ్న: లండన్‌లో ఉండే మా అబ్బాయి మొదటి ఎలిజబెత్ రాణి కాలపు వెండి నాణెం కొనుక్కొచ్చాడు. మీద 1573 అని ఉంది. అంచులన్నీ వంకరే. మా ఆచారి చూసి నకిలీ అన్నాడు. ఒకటే టెన్షన్! చింతపండుతో తోమి లాకెట్ చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వంకర చూసి నకిలీ అనేస్తే ఎలాగమ్మా! అప్పట్లో వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. చక్కగా గుండ్రంగా ఎక్కడొస్తుంది? పైగా వెండి కోసం అంచులు కత్తిరించే దొంగలూ ఉండేవారు. రాణి తల వెనుక గులాబీ, రెండోవైపు డాలు బొమ్మకు పైన సంవత్సరం ఉండి, 3 గ్రాములకు కాస్త అటూఇటూ తూగితే ఆరు పెన్నీల నాణెం కావచ్చు. అంచు చుట్టూ పోత గీత, అంటే కరిగించిన లోహాన్ని మూసలో పోసినప్పుడు పడే అతుకు గీత, కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. చింతపండు చేపల పులుసుకే ఉంచండి. కొక్కెం అతికించి లాకెట్ చేయిస్తే నాణేనికి ధర పలకదు.