బల్క్ అప్‌డేట్ నడిపితే డొమైన్ కంట్రోలర్ సీపీయూ, ర్యామ్ నిండిపోతున్నాయి. సర్వర్ పెంచాలా?

యాక్టివ్ డైరెక్టరీలో (కంపెనీ యూజర్ల వివరాలుండే డేటాబేస్, దాన్ని నడిపే సర్వరే డొమైన్ కంట్రోలర్) పది వేల మంది యూజర్ల డిపార్ట్‌మెంట్ మార్చే పవర్‌షెల్ స్క్రిప్ట్ పెడితే ఎల్‌శాస్ ప్రాసెస్ (ఆ సర్వర్‌లో లాగిన్లు, డైరెక్టరీ పనులు చూసేది) సీపీయూ అంతా తినేస్తోందని రాశారు. డబ్బులు పెట్టే ముందు స్క్రిప్ట్ ఒకసారి చూడండి. నాకూ అచ్చం ఇలాగే అయింది.

హెచ్ఆర్ వాళ్లిచ్చిన ఎక్సెల్‌లో ఎంప్లాయీ ఐడీ ఒక్కటే ఉంది. ఒక్కో వరుసకీ ఆ ఐడీతో యూజర్‌ని వెతికి, విలువ మార్చేలా లూప్ రాసి శనివారం రాత్రి వదిలాను. పావుగంట కాలేదు, లాగిన్ అవ్వట్లేదని నైట్ షిఫ్ట్ వాళ్ల ఫోన్లు. టెన్షన్‌తో స్క్రిప్ట్ ఆపేశాను.

సోమవారం రిజిస్ట్రీలో ఎన్‌టీడీఎస్ (డైరెక్టరీ సర్వీస్) డయాగ్నస్టిక్స్ కింద '15 ఫీల్డ్ ఇంజనీరింగ్' విలువ 5 చేసి, పది వరుసలతో మళ్లీ నడిపాను. డైరెక్టరీ సర్వీస్ లాగ్‌లో 1644 నంబర్ ఈవెంట్లు (బరువైన సెర్చ్‌ల వివరాలు చెప్పేవి) వచ్చాయి. ఒకటి తెరిస్తే చూసిన ఎంట్రీలు 14 వేల పైన, దొరికింది 1. ఎంప్లాయీ ఐడీకి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ముందే పేర్చిన జాబితా) లేదు మరి! ఫోన్ నంబర్ పట్టుకుని టెలిఫోన్ డైరెక్టరీలో పేరు వెతికినట్టు, ప్రతి వరుసకీ మొదటి పేజీ నుంచి తిరగేస్తోంది. రాయడం చిన్న పనే, వెతకడంలోనే ప్రాణం పోతోంది. (చూడటం అయ్యాక ఆ విలువ మళ్లీ 0 చేయండి, లేకపోతే లాగ్ నిండిపోతుంది.)

తర్వాత యూజర్లందర్నీ ఒక్కసారే చదివి ఐడీ, డీఎన్ (డైరెక్టరీలో ఆ యూజర్ పూర్తి చిరునామా) జతలను హాష్‌టేబుల్‌లో (ఐడీ ఇస్తే జత వెంటనే దొరికే పట్టిక) పెట్టుకున్నాను. విలువ ముందే సరిగ్గా ఉన్నవాళ్లను వదిలేసి, 500 మందికోసారి అర నిమిషం ఆపాను. మార్పులన్నీ ఒకే కంట్రోలర్ మీదకి పంపాను, అదీ పీడీసీ ఎమ్యులేటర్ (కంట్రోలర్లలో ప్రత్యేక బాధ్యతలున్నది) కానిది. పాస్‌వర్డ్ మార్పులు దాని దగ్గరికే పోతాయి, దాని బరువు దానికుంది. ఈసారి ఒక్క ఫోనూ రాలేదు.

ర్యామ్ సంగతి వేరు. ఎల్‌శాస్ డేటాబేస్ పేజీలను కావాలనే ర్యామ్‌లో దాచుకుంటుంది, పని అయ్యాక కూడా వెంటనే తగ్గదు. భయపడి టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఎండ్ చేశారో, సర్వరే రీస్టార్ట్ అవుతుంది! లాగ్‌లో 623 నంబర్ ఈవెంట్ కనిపిస్తే మాత్రం పట్టించుకోండి. అది వెర్షన్ స్టోర్ (ఇంకా పూర్తికాని మార్పులను డేటాబేస్ ఉంచుకునే చోటు) నిండిందని చెప్పడం, అంటే మార్పులను ఇంకా చిన్న ముక్కలు చేయాలి.

పై స్థాయి ఓయూ (డైరెక్టరీలో యూజర్లను పెట్టే ఫోల్డర్ లాంటిది) మీద పర్మిషన్లు ఏమైనా మార్చారా? అది ఒక్క క్లిక్కే అయినా, కింద ఉన్న ప్రతి ఆబ్జెక్ట్‌కీ పాకాలి. లూప్ బాగానే ఉందనిపిస్తే, పర్ఫార్మెన్స్ మానిటర్‌లో యాక్టివ్ డైరెక్టరీ డయాగ్నస్టిక్స్ సెట్ ఐదు నిమిషాలు నడిపి, వచ్చిన రిపోర్ట్‌లో పైనున్న సెర్చ్‌లు ఇక్కడ పెట్టండి, చూస్తాను.